రోబో వేలికి స్పర్శ: మెత్తటి ప్రెషర్ సెన్సర్‌ను మొదటి నుంచి చివరి దాకా చేసుకోవడం

రెండు రాగి రేకుల మధ్య నల్లటి ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్క ఒకటి పెట్టి, మల్టీమీటర్ తగిలించి, వేలితో నొక్కితే నిరోధం పడిపోతుంది. పది నిమిషాల పని. అక్కడితో సెన్సర్ అయిపోయిందనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నాను. అసలు గొడవ మర్నాడు మొదలవుతుంది. నిన్న నొక్కినంతే నొక్కినా నిన్నటి అంకె రాదు, చెయ్యి తీసేసినా పూర్తిగా సున్నాకి దిగదు, వారం తిరిగేసరికి ఒక వరుస వరుసంతా చచ్చి పడుంటుంది. అందుకే ఇక్కడ సెన్సర్ చేయడం గురించి కొంత, అది చెప్పే అంకెను నమ్మదగినదిగా చేసుకోవడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

చేయబోయేది ఇది: గ్రిప్పర్ (వస్తువులు పట్టుకునే రోబో చెయ్యి) వేలి మీద తొడిగే 26 మిల్లీమీటర్ల చదరపు మెత్తటి పొర, అందులో 4 అడ్డం, 4 నిలువు, మొత్తం 16 గడులు. ఏ గడి మీద ఎంత ఒత్తిడి పడుతోందో విడివిడిగా చెబుతుంది. మనిషి చేతితో పోల్చుకుని నిరుత్సాహపడకండి. జొహాన్సన్, వాల్‌బో 1979లో వేసిన లెక్క ప్రకారం మన అరచేతి వైపు చర్మంలో స్పర్శను మోసే నాడులు దాదాపు 17,000, అవి కూడా నాలుగు రకాలు. మనవి 16, ఒకే రకం. అయినా పట్టుకున్న వస్తువు ఎక్కడ తగిలింది, ఎంత గట్టిగా పట్టుకున్నాం, జారుతోందా అనే మూడు ప్రశ్నలకు ఈ 16 గడులు బాగానే జవాబిస్తాయి.

ముందు ఏ రకమో తేల్చుకోండి

మెత్తటి సెన్సర్లు చాలా రకాలున్నాయి. అన్నీ చదువుతూ కూర్చుంటే చేయడం మొదలుకాదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను.

కెపాసిటివ్ రకంలో రెండు వాహక పొరల మధ్య మెత్తటి రబ్బరు ఉంటుంది. నొక్కితే దూరం తగ్గి కెపాసిటెన్స్ (విద్యుదావేశం పట్టి ఉంచే సామర్థ్యం) పెరుగుతుంది. ఇది చాలా సున్నితమైనది. స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావో బృందం 2010లో ఆ రబ్బరు పొరను చిన్న చిన్న పిరమిడ్ల ఆకారంలో పోతపోసి, ఈగ వాలినంత బరువును కూడా పట్టించింది. చిక్కేమిటంటే, ఒక చదరపు సెంటీమీటరు పలకల మధ్య 1 మిల్లీమీటరు సిలికోన్ పెడితే వచ్చేది సుమారు 2.5 పికోఫారడ్లే. అంత చిన్న విలువ కొలిచేటప్పుడు మీ చెయ్యి దగ్గరకొచ్చినా, తీగ కదిలినా అంకె ఎగిరిపడుతుంది. షీల్డింగ్ (బయటి విద్యుత్ ప్రభావాలు తగలకుండా కప్పడం) సరిగా చేయడం రాకపోతే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

అయస్కాంత రకంలో మెత్తటి సిలికోన్‌లో చిన్న అయస్కాంతం పొదిగి, కింద మూడు దిశల్లో క్షేత్రాన్ని కొలిచే చిప్ పెడతారు. పైపొర పక్కకు జరిగినా తెలుస్తుంది, ఇది దీని గొప్పతనం. కానీ ఇనుప వస్తువు పట్టుకున్నా, పక్కన మోటారు తిరిగినా తప్పుడు రీడింగే. కెమెరా రకం ఇంకోటి. జెల్ వెనక కెమెరా పెట్టి ఉపరితలం ఎలా నొక్కుకుపోయిందో ఫొటో తీయడం. ఎంఐటీలో జాన్సన్, ఏడెల్సన్ 2009లో చూపించిన జెల్‌సైట్ ఈ కోవదే. వివరం అద్భుతంగా ఉంటుంది, వేలు మాత్రం లావవుతుంది.

మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పేది మాత్రం పీజోరెసిస్టివ్ ఫిల్మే. వెలోస్టాట్ అనే పేరుతో దొరుకుతుంది, నల్లని బొగ్గుపొడి కలిపిన ప్లాస్టిక్ పొర, సుమారు 0.1 మిల్లీమీటరు మందం. నొక్కితే నిరోధం తగ్గుతుంది. చవక, చదవడానికి ప్రత్యేక చిప్ అక్కర్లేదు. దీన్ని చిన్నచూపు చూడకండి, ఎంఐటీ వాళ్ళు 2019లో 548 సెన్సర్లతో చేసిన స్పర్శ గ్లోవ్ కూడా ఇలాంటి ఒత్తిడికి స్పందించే ఫిల్మ్‌కు అటూ ఇటూ వాహక దారాలు పరిచి చేసిందే.

కావలసినవి: వెలోస్టాట్ ఫిల్మ్, వెండి పూత వేసిన నైలాన్ గుడ్డ (వాహక గుడ్డ), వాహక దారం, సాగని పలుచని గుడ్డ, రెండు భాగాలు కలిపి గట్టిపడే సిలికోన్ రబ్బరు, సన్నని పోగుల తీగ, ఆర్డుయినో ఊనో R3 లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డు, నాలుగు రెసిస్టర్లు, నైట్రైల్ గ్లోవ్స్, గ్రాము దాకా చూపించే డిజిటల్ తూకం. వాహక గుడ్డ బదులు రాగి టేపు వాడొచ్చా అంటే, బల్ల మీద ప్రయోగానికి వాడొచ్చు. వంగే చోట కొన్నాళ్ళకు పగుళ్ళొస్తాయి, పైగా ఆ పగులు కంటికి కనిపించదు.

అడుగు 1: ఒక్క గడి చేసి కొలవండి

నేరుగా 16 గడులు మొదలుపెట్టకండి. 5 మిల్లీమీటర్ల వాహక గుడ్డ పట్టీలు రెండు అడ్డంగా, నిలువుగా పెట్టి మధ్యలో ఫిల్మ్ ఉంచండి. మల్టీమీటర్‌తో రెండు విలువలు రాసుకోండి: మీ గ్రిప్పర్ పట్టే అతి తేలికైన ఒత్తిడి దగ్గర ఒకటి, అతి గట్టి ఒత్తిడి దగ్గర ఒకటి. ఈ అంకెలు గుడ్డను బట్టి, గడి సైజును బట్టి మారతాయి కాబట్టి వేరేవాళ్ళ అంకెలు అరువు తెచ్చుకోవద్దు.

ఉదాహరణకు మీకు 40 కిలో ఓంలు, 1 కిలో ఓం వచ్చాయనుకుందాం. బోర్డు నేరుగా నిరోధాన్ని చదవలేదు, వోల్టేజినే చదువుతుంది, అందుకే గడికి వరుసగా ఒక రెసిస్టర్ కలిపి ఆ రెండింటి మధ్య వోల్టేజి చూస్తాం. ఒక్క గడికి ఆ రెసిస్టర్ ఎంచుకోవాలంటే ఆ రెండింటినీ గుణించి వర్గమూలం తీయాలి, 6.3 కిలో ఓంలు వస్తుంది. ఆ విలువ దగ్గర వోల్టేజి మార్పు గరిష్ఠంగా ఉంటుంది, 5 వోల్టుల మీద సుమారు 0.7 నుంచి 4.3 దాకా. చాలామంది ఎక్కడో చూసిన 10 కిలో ఓంలు పెట్టేసి, సెన్సర్ సున్నితంగా లేదని ఫిల్మ్‌ను తిడుతుంటారు.

అడుగు 2: పొరలు పేర్చడం

సాగని పలుచని గుడ్డ మీద 5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు నాలుగు, మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీతో అతికించండి. నాలుగైదులు ఇరవై, మూడు రెళ్ళు ఆరు, మొత్తం 26. ఇంకో గుడ్డ మీద అలాగే నాలుగు, ఈసారి వాటికి అడ్డంగా. మధ్యలో ఫిల్మ్, ఒకే ముక్క చాలు, గడి గడికీ కత్తిరించనక్కర్లేదు. ఫిల్మ్ మందం 0.1 మిల్లీమీటరు, పట్టీల మధ్య ఖాళీ దానికి ఇరవై రెట్లు, కాబట్టి పక్కకు కారే కరెంటు తక్కువే.

గుడ్డ అంచుల పోగులు విడిపోయి పక్క పట్టీని తాకుతాయి, ఇది బాగా విసిగించే సంగతి. కత్తిరించే ముందే వెనకవైపు ఇస్త్రీతో అంటుకునే పలుచని పొర వేసేస్తే అంచు శుభ్రంగా తెగుతుంది. పేర్చాక పక్క పక్క పట్టీల మధ్య మీటరు పెట్టి చూడండి, ఎక్కడా షార్ట్ ఉండకూడదు. ఇప్పుడు ఐదు నిమిషాలు చూసుకోకపోతే సిలికోన్ పోశాక ఏడవాలి.

పట్టీలను గడుల దగ్గరే ఆపేయకండి. ప్రతి పట్టీ చివర 30 మిల్లీమీటర్ల తోక వదలండి. ఎందుకో తర్వాతి అడుగులో చెప్తాను.

అడుగు 3: తీగ కలిసే చోటు

ఈ మొత్తం పనిలో సగం శ్రద్ధ ఇక్కడే పెట్టండి. మెత్తటి సెన్సర్లు మెత్తగా ఉండే చోట పాడవడం తక్కువ. వంగే గుడ్డ వెళ్ళి వంగని తీగను కలిసే ఆ ఒక్క మిల్లీమీటరు దగ్గరే పోతాయి, ఎందుకంటే వేలు వంగినప్పుడల్లా వంపంతా అక్కడే పోగవుతుంది. నా మొదటి మూడు సెన్సర్లూ అలాగే పోయాయి. మూడోది పోయినప్పుడు కూడా తప్పు ప్రోగ్రాములో ఉందనుకుని రెండు రోజులు కోడ్ వెతికాను.

చేయాల్సిందల్లా కలిసే చోటును వంగే చోటు నుంచి దూరంగా జరపడం. అందుకే ఆ 30 మిల్లీమీటర్ల తోక. దాన్ని వేలి వెనక గట్టి భాగం మీదికి తిప్పి, అక్కడ తీగతో కలపండి. వెండి పూత నైలాన్ మీద టంకం పెడితే నైలాన్ కరిగిపోతుంది, కాబట్టి కుట్టడమే మేలు. తీగ చివర ఒక సెంటీమీటరు ఒలిచి, పోగులను విసనకర్రలా పరిచి, పట్టీని దాని మీదికి మడిచి, వాహక దారంతో ఏడెనిమిది కుట్లు బిగించి వేయండి. గుడ్డకు కొట్టే ప్రెస్ బటన్లు కూడా బాగా పనిచేస్తాయి, వాటికి టంకం పట్టించొచ్చు, కాకపోతే గుడ్డకు బిగించకముందే. కుట్టు మీద సిలికోన్ జిగురు చుక్క వేసి ఆరనివ్వండి. తర్వాత తీగను తిన్నగా లాగి కట్టేయకుండా పాములా ఒక మెలిక వదిలి, ఆ మెలిక తర్వాతే వేలికి కట్టండి. లాగుడంతా కట్టిన చోట ఆగిపోవాలి, కుట్టు దాకా రాకూడదు.

అడుగు 4: చర్మం పోయడం

సిలికోన్ అంటే చిప్‌లలో వాడే సిలికాన్ కాదు, రబ్బరులాంటిది. ఇకోఫ్లెక్స్ 00-30 లాంటి రకం వేలికి సరిపోతుంది. రెండు భాగాలూ సమానంగా కలపాలి, కలిపాక చేతిలో ఉండే సమయం 45 నిమిషాలు, గది వేడిమిలో గట్టిపడడానికి 4 గంటలు. లేటెక్స్ గ్లోవ్స్ వేసుకోకండి. వాటిలోని గంధకం తగిలితే ప్లాటినంతో గట్టిపడే సిలికోన్ ఎన్ని గంటలైనా జిగటగానే ఉండిపోతుంది. గంధకం ఉన్న మట్టి, రెసిన్‌తో త్రీడీ ప్రింట్ చేసిన కొన్ని అచ్చులు కూడా ఇదే పని చేస్తాయి. అనుమానముంటే అచ్చు మూలలో ఒక చుక్క వేసి చూసుకోండి.

పొరల సంచి అంచులు నాలుగు వైపులా టేపుతో మూసేశాకే పోయండి. తొందరపడి నేను ఒకసారి మూయకుండా పోశాను, సిలికోన్ లోపలికి పాకి ఫిల్మ్‌కూ గుడ్డకూ మధ్య దూరింది. చూడడానికి చక్కగా ఉంది, నిరోధం మాత్రం మీటరు పరిధి దాటిపోయింది. సిలికోన్ కరెంటును అసలు పోనివ్వదు మరి. గాలి బుడగలు తీయడానికి వాక్యూమ్ లేకపోతే, ఎత్తు నుంచి సన్నని ధారగా పోస్తే చాలావరకు పగిలిపోతాయి.

మందం 1 నుంచి 2 మిల్లీమీటర్లు. మందం పెంచితే ఒత్తిడి పక్క గడులకు పాకిపోయి ఎక్కడ తగిలిందో అలికేసినట్టవుతుంది, మరీ పలచనైతే తొందరగా అరిగిపోతుంది. ప్రతి గడి మీద చిన్న బొడిపె వచ్చేలా అచ్చు చేసుకుంటే ఒత్తిడి సరిగ్గా ఆ గడి మీదే పడుతుంది, నాకు తెలిసి ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభమిచ్చే మార్పు ఇంకొకటి లేదు.

అడుగు 5: చదవడం, పక్క గడుల దొంగతనం

అడ్డ పట్టీలు నాలుగూ డిజిటల్ పిన్నులకు, నిలువు పట్టీలు నాలుగూ అనలాగ్ పిన్నులకు. ప్రతి నిలువు పట్టీ నుంచి గ్రౌండ్‌కు ఒక రెసిస్టర్. ఒక అడ్డ పట్టీకి 5 వోల్టులిచ్చి, నాలుగు నిలువులూ చదివి, తర్వాతి అడ్డ పట్టీకి వెళ్ళండి.

చదవని అడ్డ పట్టీలను గాల్లో వదిలేయకూడదు. వదిలితే కరెంటు చుట్టు దారిలో, అంటే నొక్కిన మూడు గడుల గుండా తిరిగి, నొక్కని నాలుగో గడిలో దెయ్యంలా ప్రత్యక్షమవుతుంది. వాటిని గ్రౌండ్‌కు కట్టండి. దెయ్యం పోతుంది కానీ ఇంకో తిరకాసు వస్తుంది: ఒకే నిలువు పట్టీలో రెండు గడులు నొక్కుకుంటే ఒకటి రెండోదాని వోల్టేజిని తినేస్తుంది, రెండూ తక్కువ చూపిస్తాయి.

దీనికి, సంకేతాన్ని పెంచే చిప్‌లైన ఆప్ ఆంప్‌లతో సర్క్యూట్ ఉంది, పెద్ద సెన్సర్‌కు అదే దారి. 16 గడులకు మాత్రం ఒక చిన్న లెక్క చాలు. ప్రతి రీడింగ్‌ను 1023తో (బోర్డు చూపించే గరిష్ఠ అంకె) భాగించి భిన్నంగా మార్చండి. ఒక నిలువు పట్టీలోని నాలుగు భిన్నాలనూ కూడి, ఆ మొత్తాన్ని 1 లోంచి తీసేయండి. మీకు కావలసిన గడి భిన్నాన్ని ఈ మిగిలినదానితో భాగించి, మళ్ళీ రెసిస్టర్ విలువతో భాగించండి. వచ్చేది ఆ గడి అసలు వాహకత (నిరోధానికి తలకిందులు, 1ని నిరోధంతో భాగిస్తే వచ్చేది), పక్క గడుల ప్రభావం పూర్తిగా పోయి. సరిచూసుకోండి: రెసిస్టర్ 1 కిలో ఓం, భిన్నాలు 0.2, 0.3, 0, 0. మొత్తం 0.5, మిగిలింది 0.5. మొదటి గడి వాహకత 0.4 మిల్లీ సీమెన్స్, అంటే 2.5 కిలో ఓంలు. రెండోది 0.6, అంటే సుమారు 1.67 కిలో ఓంలు. అడ్డ పట్టీలన్నీ ఎప్పుడూ 5 వోల్టులకో గ్రౌండ్‌కో కట్టి ఉంటాయి కాబట్టి ఒక నిలువు సంగతి ఇంకో నిలువుకు అంటదు, అందుకే ఇంత తేలిగ్గా తేలిపోతుంది.

ఒక్కటే షరతు, ఆ మొత్తం 1కి మరీ దగ్గర కాకూడదు. అందుకని మొదటి అడుగులో వచ్చిన 6.3 కిలో ఓంలను నాలుగో వంతుకు తగ్గించి 1.5 పెట్టండి. 40 కిలో ఓంల తేలిక స్పర్శ ఒక్కటే ఉన్నా బోర్డులో 37 దాకా చూపిస్తుంది, చాలు. అన్ని గడులూ 1 కిలో ఓంకి దిగేంత నొక్కినా ఒక డిజిటల్ పిన్ మీద పడేది సుమారు 16 మిల్లీ ఆంపియర్లు, ఊనో R3 పిన్‌కు చెప్పే 20 లోపే.

అడుగు 6: వేలికి తొడిగి, ఆ తర్వాతే క్యాలిబ్రేషన్

వరుస తప్పకండి. బల్ల మీద చదునుగా ఉంచి క్యాలిబ్రేట్ చేసి, అంటే ఏ అంకె ఎంత బరువుకో తేల్చుకుని, తర్వాత వంపు తిరిగిన వేలికి చుడితే, ఆ చుట్టడమే ఫిల్మ్‌ను నొక్కి, అంకెలన్నీ జరిగిపోతాయి.

ముందు ప్రతి గడినీ ఒక యాభైసార్లు గట్టిగా నొక్కి వదలండి. కొత్త రబ్బరు మొదటి కొన్ని నొక్కుళ్ళలో మెత్తబడి ఆ తర్వాత కుదురుకుంటుంది, దీనికి ముల్లిన్స్ ఎఫెక్ట్ అని పేరు. కొత్తబట్టను ఒకసారి ఉతికి కొలతలు తీసినట్టు అనుకోండి.

ఇప్పుడు వేలిని తూకం మీద పెట్టి, తూకాన్ని సున్నా చేసి, గడి సైజు మెత్తటి మొన ఉన్న పుల్లతో నొక్కండి. 20, 50, 100, 200, 500 గ్రాముల దగ్గర ఆగుతూ పైకి వెళ్ళండి, అవే చోట్ల ఆగుతూ కిందికి రండి. 100 గ్రాములంటే 0.98 న్యూటన్, 25 చదరపు మిల్లీమీటర్ల గడి మీద అది దాదాపు 39 కిలోపాస్కల్. గ్రాఫ్ గీసేటప్పుడు నిరోధం కాదు, వాహకత గీయండి. నిరోధం గీస్తే జారుడుబల్లలా వంకరగా వస్తుంది, వాహకత చాలావరకు తిన్నగా వస్తుంది, తిన్నని గీతకు సమీకరణం వేయడం సులువు.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే బరువు దగ్గర రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. అదే హిస్టరీసిస్. 100 గ్రాముల దగ్గర ఎక్కేటప్పుడు 300, దిగేటప్పుడు 360 వచ్చి, మీ పూర్తి పరిధి 600 అయితే తేడా పది శాతం. ఈ ఫిల్మ్‌లో ఇది ఉండి తీరుతుంది. దాన్ని పూర్తిగా పోగొట్టే ప్రయత్నంలో నెలలు పోగొట్టుకోకండి, ఎంత ఉందో తెలుసుకుని దానికి తగ్గట్టు ప్రోగ్రాము రాయండి. ఇంకో పరీక్ష, 200 గ్రాములు పెట్టి 1 సెకనుకు, 10 సెకన్లకు, 60 సెకన్లకు రాసుకోండి. బరువు మారకపోయినా అంకె పాకుతూ ఉంటుంది. ఇది తెలియకే చాలామంది గ్రిప్పర్లు గుడ్డును పట్టుకుని, కాసేపాగి "ఒత్తిడి పెరిగింది" అనుకుని వదిలేస్తాయి.

అడుగు 7: ప్రోగ్రాములో తెలివి

గ్రిప్పర్ ఖాళీగా తెరుచుకున్న ప్రతిసారీ ఆ రీడింగ్‌నే కొత్త సున్నాగా తీసుకోండి. పట్టు ఉన్నప్పుడు మాత్రం సున్నా మార్చకండి, మార్చితే పట్టుకున్న వస్తువు మెల్లగా మాయమైపోతుంది.

తగిలిందా లేదా తేల్చడానికి అంకె ఊహించి పెట్టొద్దు. ఖాళీగా ఉన్నప్పుడు వెయ్యి రీడింగ్‌లు తీసి, సగటు మీద ప్రామాణిక విచలనానికి (రీడింగ్‌లు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) ఐదు రెట్లు కలిపి, అది దాటితే తగిలినట్టు, మూడు రెట్లకు దిగితే వదిలినట్టు పెట్టండి. ఒకే హద్దు పెడితే దాని దగ్గర కొట్టుమిట్టాడుతుంది.

తర్వాత 16 గడుల బలాలతో ఒత్తిడి కేంద్రం లెక్కించండి, అంటే ప్రతి గడి స్థానాన్ని దాని బలంతో గుణించి కూడి, మొత్తం బలంతో భాగించడం. వస్తువు జారేటప్పుడు మొత్తం బలం కన్నా ముందు ఈ కేంద్రం కదులుతుంది చాలాసార్లు. కేంద్రం ఒకే దిక్కుకు వరుసగా కదిలితే పట్టు కొంచెం బిగించండి. మనుషులు కూడా పట్టును జారిపోని హద్దు కన్నా కాస్త పైన మాత్రమే ఉంచుతారని, ఆ సర్దుబాటంతా వేళ్ళ స్పర్శ మీదే నడుస్తుందని జొహాన్సన్, వెస్ట్‌లింగ్ 1984లో చూపించారు. అందుకే మొద్దుబారిన వేళ్ళతో మనం దేన్నైనా అవసరానికి మించి బిగించి పట్టుకుంటాం.

వేగం సంగతి కూడా గుర్తుంచుకోండి. ఊనో R3లో ఒక అనలాగ్ రీడింగ్‌కు సుమారు 100 మైక్రోసెకన్లు పడుతుంది, 16 గడులకు 1.6 మిల్లీసెకన్లు, పట్టీ మారినప్పుడల్లా ఆగే సమయం, బోర్డు లెక్కలు, డేటా పంపడం కలుపుకుంటే సెకనుకు రెండు మూడు వందల ఫ్రేములు. పట్టు సర్దుకోవడానికి ధారాళంగా సరిపోతుంది. గరుకు ఉపరితలం మీద వేలు రాస్తే వచ్చే సన్నని కంపనాలు మాత్రం దీనికి అందవు, మన చర్మంలో పాసినియన్ గ్రాహకాలు 250 హెర్ట్జ్ చుట్టుపక్కల కంపనాలకు బాగా స్పందిస్తాయి, దానికి ఈ వేగమూ చాలదు, ఈ ఫిల్మూ చాలదు. కావాలంటే వేలి వెనక ఒక పలుచని పీజో బిళ్ళ (కంపిస్తే వోల్టేజి పుట్టించేది) అతికించి దాన్ని విడిగా వేగంగా చదవండి.

పాడైనప్పుడు

ఒక వరుసంతా సున్నా అయితే కుట్టు పోయింది, వరుసలో కొంత భాగమే పోతే పట్టీ చిరిగింది. ఒక్క గడే ఎప్పుడూ గరిష్ఠం చూపిస్తుంటే ఫిల్మ్‌కు చిల్లు పడి పైదీ కిందిదీ తాకుతున్నాయి. అన్నీ కలిసి మెల్లగా పెరుగుతుంటే మోటారు వేడి లోపలికి వస్తుందేమో చూడండి. వేలు కదిలినప్పుడు మాత్రమే అంకెలు ఎగిరితే మళ్ళీ కుట్టే, తీగ మెలిక దగ్గర వేలు పెట్టి మెల్లగా కదుపుతూ స్క్రీన్ చూడండి, దొరికిపోతుంది.

ఎంత బాగా చేసినా పైచర్మం అరుగుతుంది, అందుకే దాన్ని వేలికి శాశ్వతంగా అంటించకుండా తొడుగులా ఊడి వచ్చేలా చేసుకోండి. ఒకేసారి రెండు మూడు పోసి, యాభై నొక్కుళ్ళూ పూర్తి చేసి, ఒక్కోదాన్ని వేలికి తొడిగి క్యాలిబ్రేషన్ కూడా చేసి, ఒక్కోదాని వెనక నంబరు రాసి, ఆ నంబరుతోనే క్యాలిబ్రేషన్ ఫైలు పేరు పెట్టుకోండి. రెండో నంబరు చర్మం తొడిగి ఒకటో నంబరు ఫైలుతో నడిపితే గ్రిప్పర్ ఏం చేస్తుందో నేను చూశాను. పట్టుకున్నది ప్లాస్టిక్ గ్లాసు కాబట్టి సరిపోయింది.